అడవి కొలత

దెబ్రె తాబోర్ దాటాక కొండలన్నీ గొరిగిన తలలు.
టెఫ్ పొలాలు, ఎండిన వాగులు,
పక్కటెముకలు లెక్కపెట్టనిచ్చే ఎడ్లు.
మధ్యలో ఒక్కచోట మాత్రం ఆకుపచ్చ గుండ్రం,
ఎవరో దిద్ది, చెరపడం మరిచిపోయినట్టు.

అది చర్చి. చుట్టూ దాని చెట్లు.
చెట్లు లేని చర్చి బట్టల్లేని మనిషి అంటారు మా వైపు.
లోపల మూడు గదులు, మూడో గదిలో తెర,
తెర వెనక తాబోత్.
అబ్బాలు తప్ప ఎవరూ చూడని పెట్టె.
నేను చూడలేదు. చూడాలనీ లేదు.
నేను టేపు పట్టుకుని వచ్చినదాన్ని.

ఏటా ఒకసారి, యూనివర్సిటీ జీపులో.
జూనిపర్లు నూట పద్నాలుగు. వెయ్రాలు అరవై రెండు.
కోతులు నిలబడవు కనుక సుమారు నలభై.
నా పట్టికలో "కారణం" అని ఒక గడి ఉంది:
అడవిని ఏది కాపాడింది? కంచె, కాపలా, సర్కారు, వాన?
"నమ్మకం" అని రాస్తాను.
మా ప్రొఫెసర్ కొట్టేసి "సామాజిక నియమం" అని దిద్దుతాడు.

ఇంట్లో కాచిన బీరు కొంచెం ఎక్కువైన సాయంత్రం
అబ్బా వుబ్‌షెట్‌ని అడిగేశాను:
ఆ పెట్టెలో ఏమీ లేకపోతే?
పళ్ళు లేని నోటితో నవ్వాడు.
"ఉన్నా లేకపోయినా నీడ ఉంటుందిగా, అదే కదా నీ మాట?
అలాగైతే రేపు ముళ్ళతీగ ఇంకా చవక తల్లీ.
నేను నీడకి దండం పెట్టలేదు.
దండం పెట్టుకుంటూ ఉన్నాను, నీడ వచ్చింది."
జవాబు దొరకలేదు నాకు.
కోపం మాత్రం దొరికింది.

ఎందుకంటే ఆ నీడకి గోడ ఉంది.
గోడ అవతల మా అన్న.
అస్‌రెస్. ముప్పై ఒకటో ఏట తాడు తీసుకున్నాడు.
అలా పోయినవాడికి డప్పు లేదు, ప్రార్థన లేదు, లోపల చోటు లేదు.
పొలం గట్టున గొయ్యి తవ్వాం.
అమ్మ గోడ మీద చెయ్యి వేసి నిలబడింది.
అరచేతికి అవతలి చల్లదనం, నడినెత్తిన ఎండ.
ఆ పూట చెప్పించి ఉండాల్సింది నా చేత,
దేవుడున్నా లేకున్నా మతం మంచిదేనని!

గొయ్యి మీద ఒక వెయ్రా మొలిచేది, పిట్ట రెట్టలోంచి.
ఏటా మొలిచేది. ఏటా మేక తినేసేది.
పట్టికలో చోటు లేక అట్ట వెనక రాసుకున్నాను:
ఒకటి. సున్నా. ఒకటి. సున్నా.

ఈ ఏడు కొలత తప్పింది.
తూర్పున మూడున్నర మీటర్లు ఎక్కువ.
మళ్ళీ లాగాను టేపుని. మూడున్నరే.
రాళ్ళ నాచు ముఖాలు లోపలికి తిరిగి ఉన్నాయి,
ఎవరో విప్పి, చీకట్లో తడుముకుంటూ పేర్చినట్టు.
గోడ పొలంలోకి బొజ్జలా ఉబ్బింది.
ఆ బొజ్జలో మా అన్న.
మీద మోకాలెత్తు వెయ్రా.

"వాణ్ణి నేను లోపలికి తేలేదు" అన్నాడు అబ్బా వుబ్‌షెట్.
"నియమం నియమమే.
గోడకి కాళ్ళొచ్చాయి."
చేతులు శాలువాలో దాచుకున్నాడు.
అప్పటికే చూశాను, చితికి నల్లబడ్డ గోళ్ళు.
రెండు పెద్ద ఉపవాసాల కాలం పట్టిందట.
ఆయనకి డెబ్భై ఎనిమిది.

"ఆ పెట్టె చెప్పిందా చెయ్యమని?
దానికి తెలియకుండా చేశారా?"
"ఎవరూ చూడకూడదనే కదమ్మా రాత్రిళ్ళు మోశాను."
ఎవరూ అంటే ఎవరని అడగలేదు.
ఆయన తెర వైపు చూడలేదు.
నేనే చూశాను.

జీపు హారన్ కొడుతోంది.
జూనిపర్లు నూట పదమూడు, ఒకటి గాలికి పడింది.
వెయ్రాలు అరవై మూడు.
కారణం గడి దగ్గర పెన్ను కాసేపు ఆగింది.
ప్రొఫెసర్ దీన్నేమని దిద్దుతాడో చూద్దామని
"గోళ్ళు" అని రాశాను.